బాగ్దాద్ ‘రెడ్ జోన్’ సరిహద్దు ఎక్కడ? – సమాధానం

మీ నవలలో 2006 చివర్లో బాగ్దాద్‌లోని సున్నీల పేట అధమియా నుంచి, అమెరికా దళాలూ ఇరాక్ ప్రభుత్వ కార్యాలయాలూ ఉన్న గ్రీన్ జోన్‌కు రోజూ ఉద్యోగానికి వెళ్లే దుబాసీ ‘రెడ్ జోన్ చెక్‌పోస్టు’ దాటడమే చిక్కు. అలాంటి పోస్టు లేదు. టైగ్రిస్ పడమటి గట్టున సుమారు 10 చదరపు కిలోమీటర్ల గ్రీన్ జోన్‌కే గోడలు, గేట్లు. వాటి బయట ఉన్న ఊరంతా రెడ్ జోనే. అంటే అతని ఇల్లు కూడా.

కాబట్టి ఉత్కంఠను గేటు దగ్గరా దారిలోనూ పెట్టండి. తనిఖీ కోసం జనం నిలబడే వరుసే దాడికి గురి. 2004 జనవరి 18న ఆత్మాహుతి కారు బాంబు పేలింది అలాంటి గేటు ముందే. పైగా వరుసలో ఎవరున్నారో గమనించే కళ్లుంటాయి. అందుకే అతను బ్యాడ్జీ మెడలో వేసుకుని ఇల్లు కదలడు. గేటు చేరాకే తీస్తాడు. ఎక్కడ పనిచేస్తాడో పక్కింటివాళ్లకు చెప్పడు.

2006 ఫిబ్రవరి 22న షియాలకు పవిత్రమైన సమర్రా మసీదు పేల్చివేతతో షియా-సున్నీ హత్యలు ముదిరాయి. ఆ తర్వాత అసలు గండం దొంగ చెక్‌పోస్టులు. పోలీసు దుస్తుల్లో ఉన్నవాళ్లు గుర్తింపు కార్డు అడుగుతారు. ఉమర్ అనే పేరుంటే సున్నీ అని తేలిపోతుంది. చాలామంది రెండో పేరుతో నకిలీ కార్డు దగ్గర ఉంచుకునేవారు. తప్పు చోట తప్పు కార్డు తీశాడా, అంతే సంగతులు. మీ దృశ్యానికి ఇది చాలు.

అధమియా చుట్టూ మీరు రాసిన కాంక్రీటు గోడ మాత్రం తీసేయండి, దాన్ని కట్టడం మొదలైంది 2007 ఏప్రిల్‌లో.