నౌకరీ చేసుకుంట లా చదవొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. నేను పరకాల దగ్గర ఒక ఊర్ల పంచాయతీ సెక్రటరీని, బీఏ చేసిన, వయసు 34. రోజూ చట్టాలతోనే పని గానీ ఎవరన్నా గట్టిగ నిలదీస్తే ఫలానా సెక్షన్ అని చెప్పలేకపోతున్న. లాల పీజీ, అంటే ఎల్ఎల్ఎం చేద్దామంటే ముందు ఎల్ఎల్‌బీ ఉండాలంటున్నరు. ఒక కాలేజీల ఫీజు కడితే చాలు, అటెండెన్స్ వాళ్లే చూసుకుంటరట. చేరమంటరా?
- ఒక సోదరి, హనుమకొండ జిల్లా

జవాబు: వద్దమ్మా, అట్లయితే అస్సలు చేరకు. ఎల్ఎల్‌బీ రెగ్యులర్ కోర్సు, బార్ కౌన్సిల్ రూల్ ప్రకారం ప్రతి సబ్జెక్టుల 70 శాతం అటెండెన్స్ ఉండాలె. నువ్వేమో ఊర్ల డ్యూటీల ఉన్నట్టు హాజరు వేసుకుంటవు, అదే టైంకి కాలేజీ రిజిస్టర్ల కూడ ఉన్నట్టు రాస్తరు, రేపు ఎవరన్నా ఆ రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి ఫిర్యాదు చేస్తే కాలేజోళ్లు రారు, నీ నౌకరే పోతది. ఈ మాట నాకు భయమై చెప్తున్న.

నిజంగ ఎల్ఎల్‌బీనే కావాలంటే లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ రాయి, వయసు అడ్డం లేదు, 120 ప్రశ్నలు, గంటన్నర టైం, తెలుగుల కూడ రాయొచ్చు. హనుమకొండ సుబేదారిల కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉండనే ఉంది. కాకపోతే ముందుగాల డిపార్ట్‌మెంట్ పర్మిషన్, సెలవు సంగతి కాయితం మీద తేల్చుకో. పట్టా వచ్చినా జీతం తీసుకుంటున్నన్ని రోజులు కోర్టుల ప్రాక్టీస్ చెయ్యనియ్యరు, అది కూడ లెక్కల పెట్టుకో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. నీకు కావల్సింది నల్లకోటు కాదనిపించింది, అడిగినోళ్లకు ధైర్యంగ జవాబు చెప్పుడు. దానికైతే ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ మంచిగ పనికొస్తది, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీల, ఇగ్నోల దూరవిద్యల చెయ్యొచ్చు, రోజూ క్లాసులకు పోయే పనిలేదు. అందుల రాజ్యాంగం, స్థానిక పాలన, బడ్జెట్ అన్నీ వస్తయి, నువ్వు చేసే పనే పుస్తకంల కనిపిస్తది. చట్టమే చదవాలనుంటే హైదరాబాద్ లా యూనివర్సిటీ నల్సార్‌ల దూరవిద్య పీజీ డిప్లొమాలు కూడ ఉన్నయి, వాటితోని అడ్వకేట్ కాలేవు గానీ చదువు గట్టిది.

అడ్మిషన్ దాకా ఆగకు. 2018 పంచాయతీరాజ్ చట్టం తెలుగు కాపీ టేబుల్ మీద పెట్టుకో. ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టంల ముందు నాలుగు సెక్షన్లు నేర్చుకో: 6 దరఖాస్తుది, 7 గడువుది అంటే మామూలుగ 30 రోజులు, 8 ఇయ్యనక్కర లేని సమాచారానిది, 19 అప్పీలుది. నిలదీసేటోళ్లు ఎక్కువ పట్టుకొచ్చేది ఆ దరఖాస్తులే కద. ఇగ దూరవిద్యకు ఫీజు కట్టేముందు ఆ కోర్సు ఈ ఏడు యూజీసీ అనుమతి ఇచ్చిన కోర్సుల లిస్టుల ఉందా లేదా అని నువ్వే చూసుకో, ఏజెంట్ మాట నమ్మి కట్టకు.