అన్నయ్యని దేవుణ్ణి చేయకండి, మనిషిగానే ఉండనివ్వండి

ఉత్తరం: మాది పర్లాకిమిడి. మా అన్నయ్య ఇంటికి పెద్దకొడుకు, 24 ఏళ్లు, భువనేశ్వర్‌లో ఉద్యోగం. పోయిన మాఘమాసంలో రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. అప్పటినుంచి అమ్మ వాడి గదిలో ఎవర్నీ ఏదీ కదపనివ్వదు, వచ్చినవాళ్లందరికీ వాడు దేవుడని చెబుతుంది, కరోనా టీకా నేనే దగ్గరుండి వేయించానని తల బాదుకుంటుంది. నాన్న వాడి పేరెత్తరు, బండి అమ్మేశారు. స్నేహితులు జంక్షన్‌లో ఫ్లెక్సీ కడితే నాన్నే రాత్రికి రాత్రి వెళ్లి పీకేశారు. ఆ స్నేహితులే ఇప్పుడు సంవత్సరికం రోజున వాడి పేరుతో క్రికెట్ పోటీ పెడతామంటున్నారు. చుట్టాలు ఏడాది లోపు నా పెళ్లి చేసేయమంటున్నారు. నాకేమో వాడి గొంతు మర్చిపోతున్నానని భయంగా ఉంది. ఇంకోటి, వాడు అమ్మ చెప్పేంత మంచివాడేం కాదండీ. నాతో తెగ కొట్లాడేవాడు, స్నేహితుడి దగ్గర ఆరు వేలు అప్పు చేశాడు. ఈ మాట ఎవరితో అనాలి?

జవాబు: తల్లీ, నీ చివరి మాటతోనే మొదలుపెడతాను, ఉత్తరం మొత్తంలో నాకు అదే ముఖ్యంగా కనిపించింది. నీకు అన్నయ్య మీద కోపం ఉంది, ఆ కోపం చెప్పుకునే చోటు ఇంట్లో లేదు. పోయినవాళ్ల గురించి చెడ్డ మాట అనకూడదంటారు కదా, నిజమే, పదో రోజుకో పదమూడో రోజుకో ఆ మర్యాద సరిపోతుంది. పది నెలల తర్వాత కూడా అదే పాటిస్తే అసలు మనిషే మాయమైపోతాడు. అమ్మ చెప్పే ఆ దేవుడు నీకు ఎవరో తెలియదు, నీకు తెలిసినవాడు నీ ఫోన్ చార్జర్ ఎత్తుకుపోయి లేదని అబద్ధమాడేవాడు, వాడి కోసం ఏడవాలని నీకుంది. గొంతు మర్చిపోతున్నానన్న భయంలో సగం ఇదేనని నా అనుమానం. అమ్మ చెప్పే కథల్లో వాడి గొంతు లేదు మరి.

నాకు తెలిసినంతలో కుర్రవాళ్లు పోయినప్పుడు వచ్చే చిక్కు ఇది. డెబ్బై ఏళ్ల మనిషి పోతే చెప్పుకోవడానికి ఒక జీవితం ఉంటుంది, చేసిన పనులు, కట్టిన ఇల్లు, పెళ్లిళ్లు, తగాదాలు. 24 ఏళ్లవాడు పోతే అందరూ జరగనిదాని గురించే మాట్లాడతారు. ఉండుంటే పెద్ద ఆఫీసరయ్యేవాడు, ఉండుంటే అమ్మానాన్నల్ని కళ్లల్లో పెట్టుకుని చూసేవాడు. ఆ 'ఉండుంటే' దగ్గర కూర్చుంటే దుఃఖానికి అడుగు దొరకదు. మీ అన్నయ్య ఉండాల్సినన్నాళ్లు ఉండలేదు, ఒప్పుకుంటాను, కానీ ఇరవై నాలుగేళ్లు మాత్రం ఉన్నాడు కదా. గుర్తు పెట్టుకోవాల్సింది వాటిని. ఆ ఏళ్లలో ఇంటికి తెలిసింది పావు వంతు ఉంటుందేమో. పదహారు దాటిన కుర్రాడి బతుకంతా బయటే ఉంటుంది, మహేంద్రతనయ ఒడ్డున, పాతపట్నం వైపు టీకొట్టు దగ్గర, గుప్‌చుప్ (పానీపూరీ) బండి దగ్గర, భువనేశ్వర్‌లో అద్దె గదిలో. ఆ ముప్పావు వంతు ఎవరి దగ్గరుందో, మీ నాన్న పీకేసిన ఫ్లెక్సీ కట్టింది వాళ్లే.

ఫ్లెక్సీ సంగతికొస్తే నేను మీ నాన్నగారి పక్షం. సొంత కొడుకు మొహం జంక్షన్‌లో కన్నీటి నివాళి అని, కింద పాతికమంది స్టాంపు సైజు ఫొటోలతో, ఎండకి వెలిసిపోతూ ఉంటే ఏ తండ్రి చూడగలడు? కొడుకు తనకు చేయాల్సిన కర్మ తనే కొడుక్కి చేసిన మనిషి ఆయన. మాట్లాడటం లేదు కాబట్టి మర్చిపోయాడని మాత్రం అనుకోవద్దు. బండి అమ్మడం కూడా, రోజూ వాకిట్లో దాన్ని చూడలేకే అయ్యుంటుంది. ఆయన్ని బలవంతంగా మాట్లాడించకు. పక్కన కూర్చుని అన్నయ్య సంగతి ఒకటి నువ్వే మామూలుగా చెప్పు, జవాబు ఆశించకు, లేచి వెళ్లిపోతే వెళ్లనీ. ఇంకో రోజు ఇంకోటి చెప్పు.

క్రికెట్ పోటీ పెట్టనివ్వండి, కానీ సంవత్సరికం రోజున వద్దు. ఆ తిథి నాన్నది, బ్రాహ్మడిది, పిండాలది, ఇల్లంతా ఆ పనిలో ఉంటుంది. అన్నయ్య పుట్టినరోజున పెట్టుకోమను. మీ ఊళ్లో ఒడియావాళ్లు దీపావళి రాత్రి జనపకట్టెలు వెలిగించి చీకట్లో రండి, వెలుగులో వెళ్లండి అని పెద్దల్ని పిలుస్తారు, మనవాళ్లు గోగుకట్టెలు పట్టుకుని దిబ్బు దిబ్బు దీపావళి అంటారు. పెద్దలకైతే ఇలా ఒక పిలుపు ఉంది. ఇంట్లో అందరికంటే ముందు పోయిన చిన్నవాణ్ణి ఎప్పుడు ఎలా తలుచుకోవాలో నాకు తెలిసిన ఏ పండగా చెప్పదు, అందుకే ఆ కుర్రాళ్లు బ్యాటూ బంతీ పట్టుకుని వాళ్లకి వచ్చిన పద్ధతేదో వెతుక్కుంటున్నారు. ఒక్క షరతు పెట్టు. మైకులో ఎవరూ 'మంచివాడు', 'అజాతశత్రువు' అనకూడదు. వాడు ఏం చేశాడో, ఏమన్నాడో ఒక్క సంఘటన చెప్పాలి, ఒడియాలోనైనా తెలుగులోనైనా సరే. అది నువ్వు ఫోన్‌లో రికార్డు చేసుకో. అమ్మ రానంటే తర్వాత వినిపించు. అమ్మకి తెలియని కొడుకు ఇంకా బోలెడంత మిగిలి ఉన్నాడు, వింటే ఏడుస్తుంది, మధ్యలో ఎక్కడో నవ్వుతుంది కూడా.

ఆ ఆరు వేలు ఇచ్చేయండి. స్నేహితుడు వద్దంటాడు, అయినా ఇవ్వండి, ఇచ్చే పని నాన్నగారికే అప్పజెప్పు. కొడుకు కోసం ఆయన ఇంకా చేయగలిగిన పని ఒకటుందని తెలుస్తుంది.

గొంతు సంగతి వెంటనే చూడాలి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే తీసేస్తారు, అన్నయ్యది ఈపాటికి పోయే ఉంటుంది. కానీ నీకూ స్నేహితులకూ అతను పంపిన వాయిస్ మెసేజ్‌లు మీ ఫోన్లలో ఉంటాయి, ఎవరైనా ఫోన్ మార్చారంటే పోతాయి. ఈ వారంలో అందరి దగ్గరా అడిగి పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టు, ఇంకో కాపీ వేరే చోట ఉంచు. గూగుల్ ఖాతా రెండేళ్లు ఎవరూ తెరవకపోతే అందులోని ఫొటోలతో సహా తీసేయవచ్చు, కాబట్టి అతని ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయి ఉంటే ఫొటోలు దించుకో. ఫేస్‌బుక్‌ని స్మారక ఖాతాగా మార్చమని కుటుంబం అడగొచ్చు, అలా మార్చాక మాత్రం ఎవరూ లాగిన్ కాలేరు, అందుకే కావలసినవి ముందే తీసుకోవాలి.

ఫొటోలు తీసుకో, గొంతు తీసుకో, చాట్లు మాత్రం చదవకు. బతికుంటే చదవనిచ్చేవాడా? అందులో ఒక అమ్మాయి ఉండొచ్చు, ఎక్కడో కూర్చుని ఎవరికీ చెప్పుకోలేక ఏడుస్తూ ఉండొచ్చు. ఆ అమ్మాయి తనంతట తనే మీ గుమ్మం దాకా వస్తే కూర్చోబెట్టి భోజనం పెట్టండి, ప్రశ్నలేమీ వేయకండి.

ఇక అమ్మ. టీకా విషయంలో ఆవిడ తప్పేమీ లేదని నెమ్మదిగా, ఒక్కసారి కాదు, చాలాసార్లు చెప్పాలి. 18 నుంచి 45 ఏళ్ల లోపు ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా పోయినవాళ్ల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 47 ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. టీకా ఆ ముప్పును పెంచలేదని అందులో తేలింది. లెక్కలు చెబితే తల్లి మనసు ఆగుతుందని నేననను, కానీ ఆ సూదే తినేసిందని వీధిలో నలుగురు అంటుంటే ఇంట్లో ఒక్కరైనా కాదని గట్టిగా చెప్పాలి. గది ఖాళీ చేయమని తొందరపెట్టొద్దు. ఏడవడం జబ్బు కాదు. తిండీ నిద్రా లేక, ఇంటిపని ముట్టుకోలేక నెలల తరబడి అలాగే ఉంటే మాత్రం డాక్టరు చూడాల్సిన విషయం. అమ్మ ఎప్పుడైనా 'నేనూ వాడి దగ్గరికే పోతాను' అందా? అని ఉంటే ఇంకో రోజు ఆగొద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక విభాగం ఉంది.

ఇంకోటి, నువ్వు రాయలేదు గానీ నాకు తోచింది. కార్తీక పౌర్ణమి వెళ్లిన ఎనిమిదో రోజు ప్రథమాష్టమి. మీ చుట్టూ ఒడియా ఇళ్లల్లో పెద్దబిడ్డకి కొత్తబట్టలు పెట్టి హారతిస్తారు, పసుపాకుల్లో ఎండురి పిఠా ఉడుకుతుంది. ఆ వాసన మీ ఇంట్లోకి వస్తుంది, మీ ఇంటి పెద్దబిడ్డ లేడు. ఆ రోజు అమ్మని ఒంటరిగా వదలకు. ఊరు వదిలి వెళ్లాలంటే పాతపట్నమో టెక్కలో చుట్టాల దగ్గరికి తీసుకెళ్లు, ఉండాలంటే ఉండండి, ఏది కావాలో అమ్మనే అడుగు.

పెళ్లి విషయంలో నా మాట సూటిగా ఉంటుంది. ఏడాది లోపు కన్యాదానం చేస్తే ఇంట్లో దుఃఖం తీరుతుందని చాలా ఊళ్లల్లో అంటారు, కానీ ఇల్లు తేరుకోవడానికి నీ పెళ్లి మందు కాదు. పెళ్లి చేసుకోవాలని నీకే ఉంటే చేసుకో, లేదంటే వచ్చే ఏడాది మాట్లాడదామని నాన్నతో చెప్పించు. చుట్టాలకి నువ్వు జవాబు చెప్పక్కర్లేదు.

ఆఖరున నీ సంగతి. ఉత్తరంలో అందరి బాధా రాశావు, నీ ఒంటి గురించి ఒక్క ముక్క లేదు. నిద్రలో గుండె ఆగిపోయిన కుర్రాళ్లలో కొందరికి గుండె కండరం మందం కావడమో, గుండె లయ తప్పడమో ఉంటుంది. ఇవి కొన్ని ఇళ్లల్లో వంశపారంపర్యంగా వస్తాయి. నేను చెప్పిన ఆ అధ్యయనంలోనే, ఇంట్లో ఇంతకుముందు ఇలాంటి మరణం ఉండటం ముప్పు పెంచే కారణాల్లో ఒకటిగా తేలింది. కంగారు పడొద్దు, చాలామందికి ఏమీ ఉండదు. కానీ నువ్వూ అమ్మా నాన్నా ముగ్గురూ గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) తీయించుకోండి. బరంపురమైనా శ్రీకాకుళమైనా మీకు ఏది వీలైతే అది. వెళ్లేటప్పుడు అన్నయ్య ఆసుపత్రి కాగితాలు, పోస్టుమార్టం చేసి ఉంటే ఆ రిపోర్టు తీసుకెళ్లండి, డాక్టరు ముందు అడిగేది వాటినే.