సెప్టిక్ ట్యాంకు మలాన్ని ఎరువుగా చేసి అమ్మితే మన రైతులు కొంటారా?

తప్పకుండా కొంటారు. అసహ్యపడి ముట్టుకోరని చెప్పేవాళ్లు ఈ మధ్య ఊరి ముఖం చూసినట్టు లేదు. మా నల్లగొండ వైపు పశువులు తగ్గిపోయి పెంట దొరకడమే కష్టమైంది. గొర్రెల మందను ఒక రాత్రి చేలో ఆపాలన్నా కాపరులను ముందు నుంచే బతిమాలుకోవాలి.

అయితే పచ్చి మలం ఎవరికీ వద్దు. మా బత్తాయి తోట పక్క చెలక కౌలుకు చేసే ఆయన ఎండాకాలంలో సెప్టిక్ ట్యాంకరును పిలిపించి చేలో పోయించుకున్నాడు. తెల్లారి చూస్తే సాళ్లలో నల్లటి బురద, అందులో షాంపూ ప్యాకెట్లు, ప్యాడ్లు, తుప్పు పట్టిన బ్లేడు. వానలు పడ్డాక పత్తి గింజలు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లు గట్టు దిగలేదు. "ఈ బురదల కాలు పెట్టమంటవా కొడుకా? రేపు మాకేమన్నైతే ఎవరు జూస్తరు?" అని ఒక పెద్దమ్మ నిలదీసింది. ఆమె అడిగింది న్యాయం. పచ్చి మలంలో నులిపురుగుల గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. ఆ ఏడు పత్తి ఏపుగానే పెరిగింది, కలుపు తీయడానికి మాత్రం మనిషి దొరకలేదు.

అదే మలాన్ని ఆరబెట్టి, తడి చెత్తతో కలిపి కుప్ప వేస్తే లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి కొన్ని వారాలు నిలిచి, కుప్పను తిరగేస్తూ ఉంటే గుడ్లు చస్తాయి. బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో ఇలాగే ఎరువు చేస్తున్నారు. రెండు గుంతల మరుగుదొడ్డి అయితే ఇంకా సులువు. నిండిన గుంతను మూసి, రెండోది వాడుకుంటూ కనీసం ఏడాది వదిలేస్తే చాలు. 2017లో కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో అలాంటి గుంతలోకి స్వయంగా దిగి ఎరువు ఎత్తారు.

నా కోపమంతా ఇళ్లు కట్టించేవాళ్ల మీద. గదంత ట్యాంకు కట్టి "ఇరవై ఏళ్లు చూడక్కర్లేదు" అంటారు. రెండు మూడేళ్లకోసారి తీయించకపోతే అడుగున గట్టిపడి పైపుకు రాదు. అప్పుడు మనిషిని దింపుతారు. రక్షణ లేకుండా అలా దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, అయినా ఆగడం లేదు.

అమ్మేవాళ్లు దీన్ని యూరియాకు బదులని చెప్పొద్దు. నత్రజని ఎక్కువగా మూత్రంలో ఉండి ట్యాంకు నీళ్లతోనే పోతుంది. పశువుల పెంట లాగా నేలకు సత్తువని చెబితే చాలు. మొదట ఆకుకూరల రైతుకు కాకుండా బత్తాయి, మామిడి తోటల వాళ్లకు ఇవ్వండి. చెట్టు మొదలు దగ్గర వేసి మట్టి కప్పితే కాయకు అంటదు.