ఓనర్ చెప్పే కొత్త అద్దె చట్టం హైదరాబాద్‌కు ఇంకా రాలేదు

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఏడాదిన్నరగా అద్దెకు ఉంటున్నాం. అద్దె 22 వేలు. అడ్వాన్స్ మూడు నెలలది, 66 వేలు ఇచ్చాం. 100 రూపాయల స్టాంపు పేపర్ మీద 11 నెలల అగ్రిమెంట్ రాసుకున్నాం, అది అయిపోయి ఏడు నెలలైంది. మళ్లీ రాసుకోలేదు కానీ అద్దె నెలనెలా ఫోన్‌పే చేస్తూనే ఉన్నాం. ఇప్పుడు ఓనర్ ఫ్లాట్ అమ్ముతున్నానని, పది రోజుల్లో ఖాళీ చేయాలని, లేకపోతే కొత్త చట్టం ప్రకారం నాలుగింతల అద్దె కట్టాలని, కరెంటు కూడా తీయిస్తానని అంటున్నారు. పెయింటింగ్ కింద 30 వేలు పట్టుకుంటారట. కానీ అదే కొత్త చట్టంలో అడ్వాన్స్ రెండు నెలలకు మించకూడదని మా తమ్ముడు పంపిన వీడియోలో ఉంది. ఎక్కువ తీసుకున్న 22 వేలు ఇప్పుడే అడగొచ్చా? విజయవాడలో అద్దెకుంటున్న మా అక్కకూ ఇవే రూల్సా?

జవాబు: మీ ఓనర్ చెప్పే నాలుగింతలు, మీ తమ్ముడి వీడియోలోని రెండు నెలలు, రెండూ ఒకే కాగితంలోవమ్మా. ఆ కాగితం హైదరాబాద్‌లో ఇంకా చట్టం కాదు. కాబట్టి ఆయన మిమ్మల్ని దానితో బెదిరించలేరు, మీరూ దాన్ని చూపించి 22 వేలు అడగలేరు.

సంగతి ఏమిటంటే, 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో కోటీ పది లక్షల దాకా ఇళ్లు ఖాళీగా తాళం వేసి ఉన్నాయని తేలింది. అద్దెకిస్తే మళ్లీ ఖాళీ చేయించలేమన్న భయంతోనే ఓనర్లు ఇవ్వడం లేదని కేంద్రం అనుకుంది. 2019లో ఒక ముసాయిదా బయటపెట్టి, 2021 జూన్ 2న కేంద్ర కేబినెట్ నమూనా అద్దె చట్టానికి ఆమోదం తెలిపి రాష్ట్రాలకు పంపింది. నమూనా అంటే నమూనాయే. టైలర్ షాపులో గోడకు తగిలించిన చొక్కా లాంటిది, మన కొలతలు తీసుకుని కుట్టేదాకా అది మన చొక్కా కాదు. ఓనరుకూ అద్దెదారుకూ ఉండే సంబంధం రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితా 18వ అంశం కింద కనిపిస్తుంది, అందుకే కేంద్రం నేరుగా చట్టం చేయకుండా మీరు చేసుకోండని రాష్ట్రాలకు వదిలేసింది. పోనీ రాష్ట్రం చేసుకోవాలన్నా ఒక్క జీవోతో అయ్యే పని కాదు. శాఖలు పరిశీలించాలి, కేబినెట్ ఒప్పుకోవాలి, అసెంబ్లీలో బిల్లు పాసవ్వాలి. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోని విషయం మీద ఉన్న కేంద్ర చట్టం, దానికి అడ్డం వచ్చే మాట రాష్ట్ర బిల్లులో ఉంటే 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఇవన్నీ అయ్యాక కూడా అమల్లోకి వచ్చే తేదీని గెజిట్‌లో ప్రకటించాలి, ఆ తర్వాత అద్దె గొడవలు వినే అధికారులను నియమించాలి. అలాంటి చట్టాన్ని తెలంగాణ అసెంబ్లీ ఇంతవరకు చేయలేదు. మీ తమ్ముడి వీడియోలో "దేశమంతా అమల్లోకి" అన్నారు చూడండి, అక్కడే ఆపేయాల్సింది.

నమూనాకూ రాష్ట్రాల సొంత చట్టాలకూ ఎంత తేడా ఉండొచ్చో రెండు ఉదాహరణలు చాలు. నమూనాలో ఇంటికి రెండు నెలలు, షాపులకూ ఆఫీసులకూ ఆరు నెలలు అడ్వాన్స్ పరిమితి. అంతకుముందే సొంతంగా 2017 చట్టం చేసుకున్న తమిళనాడు దాన్ని మూడు నెలలని రాసుకుంది. ఇక అద్దె ఎంత పెంచాలో నమూనా ఎక్కడా చెప్పదు, అగ్రిమెంట్‌లో రాసుకున్నంత అంటుంది. ఉత్తరప్రదేశ్ తన 2021 చట్టంలో నివాస ఇళ్లకు ఏడాదికి 5 శాతమని గీత గీసింది. కాబట్టి తెలంగాణలో రేపు వచ్చినా ఆ రెండు నెలలు రెండు నెలలుగానే ఉంటాయన్న గ్యారంటీ లేదు. ఇంకా ముఖ్యమైన మాట, నమూనాలోని పద్ధతి ప్రకారం అది పాత అద్దెలకు వర్తించదు, కొత్తగా రాసుకునేవాటికే. అంటే రేపు ఉదయమే అసెంబ్లీలో పాసైనా మీ 66 వేల జోలికి అది రాదు.

మరి ఇవాళ మీకు వర్తించేదేమిటి? మన దగ్గర 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. అద్దెదారుకు చాలా రక్షణ ఇచ్చే చట్టమే, కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలు దాని బయటికి వెళ్లిపోయాయి. 3,500కి ఈ రోజుల్లో కూకట్‌పల్లిలో బండి పెట్టుకునే చోటు కూడా దొరకదు. కట్టి 15 ఏళ్లు నిండని భవనాలూ బయటే. అందుకే మీలాంటి వాళ్లందరికీ మిగిలింది ఇందాక చెప్పిన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. పాతదని తీసిపారేయకండి, మీ ఓనర్ చెబుతున్న పది రోజుల లెక్కను ముందుగా కొట్టేసేది అదే.

ఎలాగంటే, మీ 11 నెలలు అయిపోయాక కూడా ఆయన ఏడు నెలలు అద్దె తీసుకున్నారు. ఆ చట్టం 116వ సెక్షన్ ప్రకారం గడువు తీరాక ఓనర్ అద్దె తీసుకుంటే ఆ అద్దె నెలవారీగా కొనసాగినట్టే. నెలవారీ అద్దె అయితే 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి, అదీ రాతపూర్వకంగా. ఫోన్‌లో అరవడం, వాచ్‌మన్‌తో చెప్పించడం నోటీసు కిందికి రావు. ఆ 15 రోజులు అయ్యాక కూడా మీ సామాను బయట పెట్టే హక్కు ఆయనకు రాదు, కోర్టులో కేసు వేసే హక్కు మాత్రమే వస్తుంది. ఖాళీ చేయించేది కోర్టు డిక్రీ, ఓనర్ కాదు. హక్కు పోయినవాడినైనా సరే, స్థిరంగా ఇంట్లో ఉన్న మనిషిని చట్టప్రకారం తప్ప బయటికి పంపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే కృష్ణారామ్ మహాలే కేసులో చెప్పింది. ఒకవేళ మీరు ఊళ్లో లేనప్పుడు తాళం మార్చేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు కేసు వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదని అడగరు, మిమ్మల్ని ఎలా పంపారని మాత్రమే అడుగుతారు.

ఫ్లాట్ అమ్మడం ఆయన ఇష్టం, దాన్ని మీరు ఆపలేరు. కానీ కొన్నవాళ్లు ఆయన స్థానంలోకి వస్తారు అంతే, మీ అద్దె దానంతటదే ఆగిపోదు. బ్రోకర్లు "ఖాళీ ఫ్లాట్ అయితేనే రేటు వస్తుంది" అంటారు, అది నిజమే, ఆయన తొందరంతా అందుకే. ఈ తొందరే మీ చేతిలో ఉన్న బేరం కూడా, దాని దగ్గరికి వస్తాను.

కరెంటు విషయానికి వస్తే, మీటర్ ఆయన పేరు మీద ఉన్నా వాడుతున్నది, బిల్లు కడుతున్నది మీరు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ఓనర్‌కే కాదు, ఇంట్లో ఉంటున్నవాళ్లకూ కనెక్షన్ అడిగే వీలు ఇస్తుంది. కరెంటు కనీస అవసరమని, ఓనర్ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు కాదనకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. నిజంగా ఫ్యూజు పీకితే ఆ రాత్రే 100కి ఫోన్ చేయండి. "సివిల్ మ్యాటర్, కోర్టుకు పొండి" అంటారు చాలాసార్లు, అయినా కంప్లైంట్ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఓనర్‌ను ఆపమని కోర్టు ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్, అడగడానికి వెళ్లినప్పుడు ఆ కాగితమే జడ్జిగారి ముందు మాట్లాడుతుంది.

నాలుగింతల అద్దె. నమూనా చట్టంలో గడువు దాటి కూర్చుంటే మొదటి రెండు నెలలకు రెండింతలు, ఆ తర్వాత నాలుగింతలు అని ఉంది, నిజమే. ఇవాళ్టి చట్టంలో ఆ లెక్క లేదు. ఇవాళ ఆయన నోటీసు ఇచ్చి, కేసు వేసి, గెలిస్తే, గడువు తీరిన తేదీ నుంచి ఆ ఇంటికి బయట ఎంత అద్దె వస్తుందో చూసి కోర్టు నష్టపరిహారం వేయొచ్చు. అది 22 కాకుండా 26 వేలు కావచ్చు. 88 వేలైతే కాదు. ఇది చెప్పింది ఏళ్ల తరబడి కూర్చోమని కాదమ్మా, అలా కూర్చున్నవాళ్లకు ఆఖర్లో వచ్చే బిల్లు నేను చూశాను.

ఇప్పుడు మీరు వాట్సాప్ చేసిన అగ్రిమెంట్ ఫోటో. అది చదువుతూ నవ్వుకున్నాను, ఏమనుకోకండి. మూడో క్లాజులో "సదరు మల్గీ షట్టర్‌కు తాళం వేసుకొనుటకు" అని ఉంది. మీది మూడో అంతస్తు ఫ్లాట్! జిరాక్స్ షాపువాడు ఎవరిదో షాపు అగ్రిమెంట్ తీసి పేర్లు మార్చి ప్రింట్ ఇచ్చాడు, ఇద్దరూ చదవకుండా సంతకాలు పెట్టారు. ఎనిమిదో క్లాజులో "ఖాళీ చేయునపుడు రంగులు వేయించు ఖర్చు భరించవలెను" అని మాత్రం ఉంది, ఎంతో లేదు. ఆయన 30 వేలు అంటున్నది ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఏడాది లోపు లీజుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదనే దేశమంతా ఈ 11 నెలల ఆచారం వచ్చింది. కానీ మన ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌ను సవరించారు, లీజు ఎంత కాలానిదైనా రాసుకుంటే రిజిస్టర్ చేయాల్సిందే. తెలంగాణకూ అదే వచ్చింది. అంటే 11 నెలలు అన్న ఆ ఉపాయం మన దగ్గర పాతికేళ్లుగా పనిచేయడం లేదు, జిరాక్స్ షాపులకు మాత్రం ఇంకా కబురు అందలేదు. రిజిస్టర్ కాని పత్రంలోని షరతులను కోర్టులో నిరూపించడం కష్టం, మీరు ఇంట్లోకి ఎలా వచ్చారు లాంటి పక్క విషయాలకు మాత్రమే దాన్ని చూస్తారు. ఆయన రంగుల క్లాజుకు ఆ బలహీనత ఉంది. మీకు అనుకూలంగా ఉన్న క్లాజులకూ అదే బలహీనత ఉంది. మీ అదృష్టం, 66 వేలు బ్యాంకు ద్వారా పంపారు, దానికి అగ్రిమెంట్‌తో పని లేదు. క్లాజు సంగతి పక్కన పెడితే, 1882 చట్టం 108వ సెక్షన్ మామూలు అరుగుదలను అద్దెదారు మీద వేయదు. కేలండర్ మేకు గుర్తు, సోఫా ఆనిన చోట మాసిన గోడ అరుగుదలే. పిల్లలు స్కెచ్ పెన్‌తో గీసిన గోడ అరుగుదల కాదు, దానికి డబ్బులు ఇవ్వాల్సిందే.

నా సలహా మీకు నచ్చకపోవచ్చు. కేసుకు వెళ్లకండి, అలాగని పది రోజుల్లో వెళ్లిపోకండి. ఆయనకు కావాల్సింది ఖాళీ ఫ్లాట్, మీకు కావాల్సింది టైమ్, అడ్వాన్స్. స్కూలు ఏడాది అయ్యేదాకానో, రెండు నెలలో, ఒక తేదీ మీరే రాసి పంపండి. ఆ తేదీన తాళాలు ఇచ్చే చోటే 66 వేలలో ఏమేం పోతాయో పోను మిగతాది చేతికి రావాలని అదే మెసేజ్‌లో రాయండి. ఆఖరి రెండు నెలల అద్దెను అడ్వాన్స్‌లో కోసుకోమని ఒప్పించగలిగితే ఇంకా మంచిది, కానీ ఆయన ఒప్పుకోకుండా మీ అంతట మీరు అద్దె ఆపేయకండి. అద్దె ఆపిన రోజున కేసు ఆయన చేతికి వెళ్తుంది. ఆయన తీసుకోనంటే బ్యాంకు అకౌంట్‌కు వేయండి. మాట కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే రాజీకి పిటిషన్ పెట్టొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను కూడా ఇస్తారు, 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

ఇక ఆ కొత్త చట్టం వస్తే మీకు మంచిదా అని అడగలేదు, అయినా చెబుతాను. కొంత మంచిదే. నీళ్లు, కరెంటు ఆపకూడదని, ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని నేరుగా రాసి ఉంది. అగ్రిమెంట్ సంగతి రెండు నెలల్లో రెంట్ అథారిటీకి, అంటే అద్దె వ్యవహారాలు చూసే అధికారికి, తెలియజేయాలి, మల్గీ షట్టర్ అగ్రిమెంట్లకు కాలం చెల్లుతుంది. నాకు నచ్చనిది ఏమిటంటే, అథారిటీ డిప్యూటీ కలెక్టర్ స్థాయి అధికారి, ఖాళీ చేయించే రెంట్ కోర్టులో కూర్చునేది అదనపు కలెక్టర్, సివిల్ కోర్టుకు తలుపు మూసేశారు. భూముల ఫైళ్లతోనే ఊపిరాడని అధికారులు వాళ్లు. రాష్ట్రం దీన్ని పరిశీలించేటప్పుడు గట్టిగా ఆలోచించాల్సింది ఈ ఒక్క చోటే అని నా అభిప్రాయం. అడ్వాన్స్ రెండు నెలలా మూడు నెలలా అన్నది దాని ముందు చిన్న విషయం.

మీ అక్క సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ 2017లోనే సొంతంగా అద్దె చట్టం చేసుకుంది. నమూనాకు తగ్గట్టు చట్టం ఉన్న రాష్ట్రాలని కేంద్రం చెప్పిన నాలుగింటిలో అదీ ఉంది, మిగతావి తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం. అంటే ఇక్కడ మీకు చెప్పినవి అక్కడ ఆమెకు పనికిరాకపోవచ్చు, అక్కడ ఆమెకు ఉన్నవి మీకు లేకపోవచ్చు. అగ్రిమెంట్ ఏ తేదీన రాసుకున్నారో చూసుకుని విజయవాడలోనే ఒక లాయర్‌కు చూపించమనండి, నా మాట పట్టుకుని ఓనర్‌తో వాదనకు దిగవద్దనండి.

ఇంకోటి, ఓనర్ దగ్గర నుంచి పోస్టులో నోటీసు వస్తే తీసుకోండి, తిప్పి పంపకండి. "ఇంట్లో లేరని చెప్పండి" అని వాచ్‌మన్‌కు చెప్పడం చాలామంది చేసే పొరపాటు, అలా తిప్పి పంపినా అందినట్టే లెక్కవేసే అవకాశం ఉంది. కవరు చింపేటప్పుడు పోస్టాఫీసు ముద్ర ఉన్న వైపు చింపకండి, అందిన తేదీని దాని మీదే పెన్నుతో రాసి పెట్టుకోండి. 15 రోజులు ఆ తేదీ నుంచే లెక్క.