తలుపుకి చెవి ఆనించి బయటకి వెళ్తున్నాను

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు 28 ఏళ్లు. పెళ్లయి ఏడాదిన్నర. మావారు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఇంజినీరు, బ్లూకార్డు (చదువుకున్న నిపుణులకి ఇచ్చే ఉద్యోగ, నివాస అనుమతి) మీద ఉన్నారు. హైదరాబాద్‌లో నాలుగేళ్లు చేసిన టెస్టింగ్ ఉద్యోగం మానేసి మార్చిలో ఇక్కడికి వచ్చాను. వేసవి బాగానే గడిచింది. అక్టోబరు నుంచి నా వల్ల కావడం లేదు. ఒక రాత్రి పదింబావుకి దోసెల పిండి రుబ్బుతుంటే కిందింటి పెద్దావిడ వచ్చి, గడియారం చూపించి ఏదో గట్టిగా అని వెళ్లిపోయింది. మర్నాడు పోస్టు డబ్బాలో చీటీ. మెట్లు ఊడ్చే వంతు మాది వచ్చినా ఊడవడం లేదని కూడా అందులో రాసింది. వంతు వచ్చినప్పుడల్లా మా తలుపుకి ఒక చెక్క బోర్డు తగిలిస్తారు. మావారు 'పట్టించుకోకు' అని దాన్ని తీసి ఎదురింటి తలుపుకి తగిలించేస్తారు. ఇప్పుడు ఆవిడ ఎదురుపడుతుందేమోనని భయం. తలుపుకి చెవి ఆనించి, మెట్ల మీద చప్పుడు లేదనుకున్నాకే బయటకి వెళ్తున్నాను. రోజంతా అమ్మతో వీడియో కాల్‌లోనే ఉంటాను. ఏడుపొస్తే నెట్ బాగోలేదని కెమెరా ఆపేస్తాను. ఇరవై యూరోలు కావాలన్నా ఆయన్నే అడగాలి. 'నేనొచ్చినప్పుడు నాకెవరు సాయం చేశారు? అదే అలవాటవుతుంది' అంటారు. అత్తయ్య ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయంటున్నారు. ఆరు నెలలు ఇండియా వెళ్లిపోవాలనుంది. యూరప్‌లో ఉండే అదృష్టం అందరికీ దక్కదంటారు, మరి నాకెందుకిలా ఉంది?
— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తలుపు దగ్గరి మాట. అదృష్టం అంటున్నవాళ్లెవరూ ఆ తలుపు వెనక మీతో నిలబడలేదు. ఉద్యోగం, నెల తిరిగితే చేతికొచ్చే జీతం, మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కబుర్లాడే స్నేహితురాళ్లు, ఆటోవాడితో బేరమాడే భాష... ఇవన్నీ ఒక్క ప్రయాణంతో వదిలేసి వెళ్లారు. దిగులు రాకుండా ఎలా ఉంటుంది? మీలో లోపం వెతుక్కోకండి.

ముందు కిందింటావిడ సంగతి చూద్దాం. భయమంతా అక్కడే గూడు కట్టుకుంది కాబట్టి. జర్మనీలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారాలూ సెలవు రోజులూ పూర్తిగా, ఇంట్లోంచి పెద్ద చప్పుడు రాకూడదు. డ్రిల్లింగ్, వాక్యూమ్ క్లీనర్, మిక్సీ అన్నీ దాని కిందకే వస్తాయి. ఖాళీ గాజు సీసాలు వీధి చివర డబ్బాలో వేయడానికి కూడా వేళలుంటాయి. పదింబావుకి రుబ్బడం అక్కడ తప్పే, కానీ తెలియక చేసిన తప్పు. ఇక ఆవిడ తీరు మీకెందుకంత గుచ్చుకుందో నేను ఊహించగలను. మన దగ్గర పక్కింటివాళ్లకి మనమీద కోపమొస్తే మనకి తప్ప వీధిలో అందరికీ చెబుతారు. ముఖం మీద అనడమంటే మనకి గొడవ మొదలైనట్టు. అక్కడివాళ్లకి ముఖం మీద చెప్పేస్తే ఆ గొడవ అయిపోయినట్టు. మీరు నెల రోజులుగా గుండెలో మోస్తున్న మాటని ఆవిడ ఆ చీటీ రాసిన రోజే మర్చిపోయి ఉండొచ్చు.

అక్కడ వివక్ష ఏమీ ఉండదని మాత్రం నేను అనను. రంగునో దేశాన్నో పట్టుకుని ఎవరైనా తూలనాడితే అది వేరే సంగతి, దాన్ని సహించక్కర్లేదు. దానికి ఫిర్యాదు చేసే దారులున్నాయి. కానీ ఆవిడ చీటీ గురించి మీరు చెప్పినదాంట్లో నాకు అది కనిపించలేదు. చప్పుడు గురించీ మెట్ల గురించీ మాత్రమే ఉంది.

ఆ బోర్డు గురించి మీకెవరూ వివరంగా చెప్పలేదని అర్థమైంది. స్టుట్‌గార్ట్ ఉన్న ష్వాబియా ప్రాంతంలో దాన్ని 'కేర్‌వోహె' అంటారు, ఊడ్చే వారం అని అర్థం. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లంతా వంతులవారీగా మెట్లు, కొన్నిచోట్ల గుమ్మం ముందు నడిచే దారి కూడా శుభ్రం చేస్తారు. బోర్డు ఎవరి తలుపుకి ఉంటే ఆ వారం వంతు వాళ్లది. మామూలుగా అది అద్దె కాగితాల్లోనో, సంతకం పెట్టిన ఇంటి నియమాల్లోనో ఉంటుంది. మీ ఆయన ఆ బోర్డు తీసి ఎదురింటికి తగిలించినప్పుడల్లా, మీవాళ్లు మాట తప్పుతున్నారని ఆ మెట్ల మీద అందరూ చూస్తున్నారు. ఆ భారం ఇంట్లో పగలంతా ఉండే మీ మీద పడింది.

మా అమ్మాయి దగ్గర నేను మూడు నెలలున్నాను, అదీ ఆ చుట్టుపక్కలే. ఒక శనివారం తెల్లవారక ముందే చీపురు పట్టుకుని మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టు మూల తుడుచుకుంటూ దిగుతున్న డెబ్బై ఏళ్లాయనని చూశాను. ఎవరూ చూడటం లేదు. అయినా గోడకి ఆనిన అంచు కూడా వేలితో తడిమి చూసుకుంటున్నాడు. మా అమ్మమ్మ వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసి వెనక్కి తగ్గి చూసుకునే చూపే అది. వాకిలి శుభ్రం మన ఇంటి ఆడపిల్లలకి కొత్త కాదు కదమ్మా. ఈసారి బోర్డు వచ్చినప్పుడు శనివారం పొద్దున మీరూ మీ ఆయనా ఇద్దరూ దిగి ఊడవండి. ఆయన కూడా రావాలి, అది ముఖ్యం.

ఆ తర్వాత ఒక పని చేయండి. రవ్వలడ్డూలు ఓ ఆరు చిన్న ప్లేటులో పెట్టుకుని ఆవిడ తలుపు తట్టండి. సాయంత్రం ఐదూ ఆరు మధ్య అయితే బాగుంటుంది. లోపలికి పిలవకపోతే నొచ్చుకోవద్దు, అక్కడ ముందుగా అనుకోకుండా ఇంట్లోకి పిలవడం తక్కువ. "గ్రూస్ గోట్" అనండి, ఆ ప్రాంతపు పలకరింపు అది. "ఎంట్‌షుల్డిగుంగ్, ఇష్ లెర్నె నోహ్ డాయిచ్" అనండి. క్షమించండి, ఇంకా జర్మన్ నేర్చుకుంటున్నాను అని. అంత చాలు. ఆవిడ మిమ్మల్ని "జీ" అని పిలుస్తుంది, అది మన 'మీరు'. 'నువ్వు'కి వాళ్లు "డూ" అంటారు. పెద్దవాళ్లు 'నన్ను డూ అనొచ్చు' అని చెప్పేదాకా చిన్నవాళ్లు అనరు. ఇంగ్లిష్‌లో లేని ఈ మర్యాద మనకీ వాళ్లకీ ఉంది.

పిండి మాటకొస్తే, సాయంత్రం ఏడులోపు రుబ్బేసుకోండి, మిక్సీ కింద మడతపెట్టిన టవల్ వేయండి. పోపు వేసేటప్పుడు కిటికీ తీయండి, లేదంటే పొగ అలారం మోగి ఇంకో భయం మొదలవుతుంది.

ఇక అసలు విషయం. మీకు దిగులు బాగా కమ్మేది సాయంత్రం పూటేనా? నాకలాగే అనిపిస్తోంది. చలికాలంలో అక్కడికీ మనకీ తేడా నాలుగున్నర గంటలు. డిసెంబరులో స్టుట్‌గార్ట్‌లో నాలుగున్నరకల్లా పొద్దు గూకుతుంది. అప్పుడు ఖమ్మంలో రాత్రి తొమ్మిది. పొద్దుటి నుంచి మీ వంటింట్లో నూనె డబ్బాకి ఆనించిన ఫోన్లో మీతో ఉన్న అమ్మ సరిగ్గా అప్పుడే "ఇక పడుకుంటానమ్మా" అంటుంది. మీ ఆయన రావడానికి ఇంకా గంటన్నర. బయట చీకటి, లోపల ఎవరూ లేరు. రోజంతా ఖమ్మంలో బతికి, చీకటి పడే వేళకి ఒక్కసారిగా స్టుట్‌గార్ట్‌లో పడుతున్నారు. ఆ గంటన్నరే మిమ్మల్ని తినేస్తోంది.

అమ్మతో మాట్లాడొద్దని నేను చచ్చినా అనను. రోజూ మాట్లాడండి, కానీ పొద్దున ఒక గంట. మధ్యాహ్నం వెలుతురున్నప్పుడు, చలైనా మబ్బైనా సరే, నలభై నిమిషాలు బయట నడవండి. ఉత్తరాన అంత పైన చలికాలపు ఎండకి ఒంట్లో విటమిన్ డి తయారవడం దాదాపు ఉండదు, కాబట్టి మీ హౌస్ డాక్టరుని, అంటే మీరు మామూలుగా చూపించుకునే డాక్టరుని అడిగి రక్తపరీక్ష చేయించుకోండి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మాత్రం ఇంట్లో ఉండకుండా చూసుకోండి. దానికి మంచి మార్గం భాష క్లాసు.

మీ ఊళ్లోనే 'ఫోల్క్స్‌హోక్‌షూలె' ఉంటుంది. అందరికీ చదువు చెప్పే ప్రజా విద్యాలయం. ఈత, కుట్టు, వంట, కంప్యూటరు, భాషలు అన్నీ నేర్పుతారు. కొత్తగా వచ్చినవాళ్లకి ప్రభుత్వం సాయంతో నడిచే ఇంటిగ్రేషన్ కోర్సులో మామూలుగా 600 గంటల భాష, 100 గంటలు ఆ దేశపు చట్టాలూ పద్ధతులూ ఉంటాయి. రోజువారీ మాటలు సొంతంగా నెగ్గుకురాగల బి1 స్థాయికి తెస్తారు. కుటుంబ వీసా మీద వచ్చినవాళ్లకి కోర్సు హక్కుకి గడువుంటుంది, మీరు మార్చిలో వచ్చారు కాబట్టి ఈ వారమే వెళ్లి అడగండి. ఇంట్లో యాప్‌లో నేర్చుకుంటే చాలదా అంటారేమో, మీకు చాలదు. మీకు కావాల్సింది వ్యాకరణంతో పాటు తయారై వెళ్లడానికి ఒక చోటు, అక్కడ మీ పేరు పట్టి పిలిచే నలుగురు. పక్క బెంచీలో సిరియా నుంచో బ్రెజిల్ నుంచో వచ్చిన అమ్మాయి కూర్చుంటుంది. ఆమెకీ ఒక కిందింటావిడ ఉండే ఉంటుంది. ఒక చిన్న ధైర్యం కూడా చెబుతాను. "ఎందుకంటే" అని మొదలయ్యే జర్మన్ వాక్యంలో క్రియ చివరికి పోతుంది, అచ్చం మన తెలుగులో లాగే. ఇంగ్లిష్ వాళ్లు తడబడే చోట మీ నాలుకకి దారి తెలుసు.

మీ నివాస అనుమతి కార్డు మీద, లేదా దానితో ఇచ్చిన కాగితం మీద "ఎర్‌వెర్బ్స్‌టేటిష్‌కైట్" అన్న పొడుగు మాట పక్కన అనుమతి ఉందని రాసి ఉండాలి. ఉద్యోగం చేసుకోవచ్చని దానర్థం. నాలుగేళ్ల టెస్టింగ్ అనుభవం పనికిరానిది కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంగ్లిష్‌తోనే పని జరుగుతుంది, భాష వస్తే ఇంకా తేలిక. కానీ రేపటికి ఉద్యోగం కాదు, రేపటికి బ్యాంకు ఖాతా. మీ పేరుతో, మీ కార్డుతో. చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా మామూలు ఖాతా ఇవ్వాలని 2016 నుంచి అక్కడ చట్టమే ఉంది. ప్రతి నెలా ఒకటో తారీకున ఇంటి ఖర్చుతో పాటు మీ సొంతానికి కొంత అందులో పడేలా ఏర్పాటు చేసుకోండి. నాలుగేళ్లు సంపాదించిన చెయ్యి ఇరవై యూరోలకి చాపాల్సి రావడం రోజూ కొంచెం కొంచెంగా మనిషిని చిన్నబుచ్చుతుంది.

ఈ పేరా మీ ఆయనకి. నాయనా, నువ్వొచ్చినప్పుడు ఎవరూ సాయం చేయలేదన్నావట. నమ్ముతాను, కష్టపడే ఉంటావు. కానీ నీకు మొదటి రోజు నుంచే పొద్దున వెళ్లడానికి ఒక క్లాసురూమో ఆఫీసో ఉండి ఉంటుంది, సాయంత్రం కలిసి వండుకునే కుర్రాళ్లు ఉండి ఉంటారు. ఆ అమ్మాయికి నువ్వొక్కడివే ఉన్నావు, నువ్వు ఆరింటికి వస్తావు. వారంలో ఒక రోజైనా నాలుగింటికి బయటపడు, ఇద్దరూ కలిసి చీకట్లో బజారుకి నడవండి. మొదటి క్లాసుకి తోడు వెళ్లు, ఇంట్లో రోజూ పావుగంట జర్మన్‌లోనే మాట్లాడు. ఆ బోర్డుని మళ్లీ ఎదురింటికి తగిలించకు.

బిడ్డ విషయంలో అత్తయ్యగారి మాటతో నేను అస్సలు ఏకీభవించను. మీ ఇద్దరికీ కావాలనిపించినప్పుడు కనండి. ఒంటరితనానికి మందుగా కనకండి. సాయానికొచ్చే అమ్మకి పర్యాటక వీసా మీద ఒక విడత ఉండనిచ్చేది 90 రోజులే. ఆ తర్వాత మళ్లీ అదే ఇల్లు, అదే చీకటి, చంకలో పసిబిడ్డ. ముందు మీ కాళ్ల కింద నేల గట్టిపడనివ్వండి. అత్తయ్యగారితో ఈ మాట మీ ఆయనే చెప్పాలి.

ఆరు నెలలు వెళ్లిపోవడం గురించి. వెళ్తే ఓడిపోయినట్టని నేననుకోను. కానీ తేదీ లేకుండా వెళ్తే తిరిగి రావడం రోజురోజుకీ కష్టమవుతుంది, భార్యాభర్తల మధ్య దూరం కూడా అలాగే పెరుగుతుంది. దేశం బయట ఎక్కువ కాలం ఉంటే నివాస అనుమతి పోతుంది, మామూలుగా ఆరు నెలలు, బ్లూకార్డు కుటుంబాలకి పన్నెండు. ఎక్కువ రోజులు ఉండాలనుకుంటే ముందే నివాస అనుమతి ఇచ్చే అక్కడి ఆఫీసులో అడిగి రాతలో తీసుకోండి. నా సలహా, సంక్రాంతికి మూడు వారాలు వెళ్లి రండి. వెళ్లే ముందే ఫిబ్రవరి క్లాసుకి పేరు రాయించుకోండి. మీరు తిరిగొచ్చేసరికి పగలు పెరుగుతూ ఉంటుంది, మార్చి ఆఖరి ఆదివారం గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, సాయంత్రాలు వెలుగొస్తాయి.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఏ పనిమీదా మనసు నిలవకపోయినా డాక్టరుకి చెప్పండి. ఇంగ్లిష్‌లో చెప్పినా ఫర్వాలేదు. తెలుగులో మాట్లాడే మానసిక నిపుణులు ఇక్కడి నుంచి వీడియోలో కూడా చూస్తారు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మీ ఆయనకి ఆ క్షణమే చెప్పండి, అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. 0800 111 0 111 అని ఉచిత నంబరు ఒకటుంది, ఇరవైనాలుగు గంటలూ ఎవరో ఒకరు మాట్లాడతారు.

అమ్మకి నిజం చెప్పండి. నెట్ బాగోలేదన్న మాట ఆవిడ నమ్మడం లేదని నా అనుమానం. అడిగితే మీరింకా బాధపడతారని ఊరుకుంటోంది.

డిసెంబరులో మీ వంతు ఎప్పుడొస్తుందో చూసుకోండి. లడ్డూలు తీసుకుని కిందికి వెళ్లాక ఆవిడ ఏమందో నాకు తప్పకుండా రాయండి, ఎదురుచూస్తుంటాను.