గ్రిఫిత్ పార్కులో పాత జూ: బోన్ల లోపలికి వెళ్ళి కూర్చోండి

మీరు అడిగింది ఇదీ: ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ఏడేళ్ళ పాప ఉంది, లాస్ ఏంజిలిస్ గ్రిఫిత్ పార్కులో ‘ఓల్డ్ జూ’ అని ఒకటి ఉందట, జంతువులే లేని జూకి పనిగట్టుకుని వెళ్ళడం దండగేమో, పెద్దవాళ్ళు నడవగలరా అని. తప్పకుండా వెళ్ళండి. మేం గ్లెండేల్‌లో ఉంటాం కాబట్టి మాకది పక్కనే. ఇండియా నుంచి ఎవరొచ్చినా కొండ మీదున్న అబ్జర్వేటరీ (నక్షత్రశాల) కంటే ముందు అక్కడికే తీసుకెళ్తాను.

వెళ్ళే ముందు కాస్త కథ తెలిస్తే చూసేదానికి అర్థం ఉంటుంది. గ్రిఫిత్ జె. గ్రిఫిత్ అనే ఆయన 1896లో 3,015 ఎకరాలు నగరానికి రాసిచ్చాడు. తర్వాత కలిసిన భూమితో ఇప్పుడు పార్కు 4,200 ఎకరాలు దాటింది. అందులో 1912లో 15 జంతువులతో ఈ జూ మొదలైంది. కొండ రాళ్ళను తలపించే ఆ గుహల్లాంటి గూళ్ళు మాత్రం 1930లలో వచ్చాయి. మహామాంద్యం రోజుల్లో పని లేనివాళ్ళకి కూలి దొరకడానికి ప్రభుత్వం పెట్టిన పథకం కింద కట్టారు వాటిని. ఊరు పెరిగింది, జూ ఇరుకైపోయింది. 1966 ఆగస్టులో మూసేసి, జంతువులను రెండు మైళ్ళ అవతల కట్టిన కొత్త జూకి తరలించారు. కొత్తది అదే ఏడాది నవంబరులో తెరిచారు.

మామూలుగా అయితే పాత కట్టడాలన్నీ కూలగొట్టి, చదును చేసి, పచ్చగడ్డి పరిచి, గేటు దగ్గర ఒక బోర్డు పెట్టేవాళ్ళు. ఇక్కడ అలా చేయలేదు. చాలా గూళ్ళను ఉన్నచోటే ఉంచి, ముందున్న ఊచలు తీసేసి, కొన్నింటి లోపల బల్లలు వేశారు. ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు, టిఫిన్ బాక్సులు విప్పుకుని తినొచ్చు. ఈ ఒక్క నిర్ణయం వల్లే ఈ పార్కు నాకు అంత ఇష్టం.

బయట పచ్చిక మీద నిలబడి ఫోటో తీసుకుని వచ్చేస్తే మాత్రం ఏమీ తెలియదు. లోపలికి వెళ్ళాలి. బయటి నుంచి గుహ పెద్దగానే కనిపిస్తుంది. లోపలికి అడుగుపెట్టాక వెనక గోడ ముఖానికి తగిలేంత దగ్గరగా వచ్చేస్తుంది. రాయిలా కనిపించేదంతా సిమెంటే, చేత్తో తడిమితే గరుగ్గా తగులుతుంది. వెనకవైపు జంతువు లోపలికీ బయటికీ తిరిగే చిన్న ద్వారాలుంటాయి, మనం బాగా వంగితేగానీ తలపట్టదు. పక్క నుంచి ఇరుకు మెట్లెక్కి వెళ్తే గుహల వెనక ఒక సందు. మేత పెట్టేవాళ్ళు తిరిగిన దారి అది. చాలా తలుపులకు తాళాలుంటాయి, గోడల నిండా స్ప్రే రంగులతో రాతలుంటాయి. రంగుల సంగతి ముందే చెప్తున్నాను, పెద్దవాళ్ళు చూసి చిరాకు పడొచ్చు.

ఇంకొంచెం పైకి వెళ్తే చిన్న బోన్ల వరస. వీటికి ఇనప వలలు, ఊచలు ఇంకా ఉన్నాయి. నాకు గుహల కంటే ఇవే ఎక్కువ బాధ పెడతాయి.

మా మామయ్యగారిని తీసుకెళ్ళినప్పుడు ఆయన ఒక గుహలో ఈ గోడ నుంచి ఆ గోడకి అడుగులు వేసి కొలిచారు. తిరిగి వచ్చి బల్ల మీద కూర్చుని, పులిహోర తినకుండా చాలాసేపు పబ్లిక్ గార్డెన్స్ గురించి చెప్పారు. హైదరాబాద్ జూ మొదట నాంపల్లిలోని ఆ పబ్లిక్ గార్డెన్స్‌లోనే (దాన్నే బాగ్-ఎ-ఆమ్ అనేవారు) ఉండేది, 1963లో మీర్ ఆలం చెరువు పక్కన నెహ్రూ జూలాజికల్ పార్కు తెరిచాక జంతువులు అక్కడికి వెళ్ళాయి. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి వేలు పట్టుకుని వెళ్ళి నాంపల్లిలో పులిని చూశారట. "అది అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది, మేమేమో దానికి హుషారెక్కువ అనుకునేవాళ్ళం" అన్నారు. మీ నాన్నగారు హైదరాబాద్ వైపువారూ, ఆ వయసువారూ అయితే అడిగి చూడండి, ఆ కబుర్లు కదులుతాయి. అప్పుడు ఇంత దూరంలో ఉన్న ఈ స్థలం మీ అమ్మానాన్నలిద్దరికీ కొత్తగా ఉండదు.

పాపకి చెప్పడానికి ఇంకో నిజమైన కథ ఉంది. ఈ కొండల్లోనే ఒక మౌంటెన్ లయన్ (పూమా అని కూడా అంటారు, పెద్ద అడవి పిల్లి) స్వేచ్ఛగా బతికింది. శాస్త్రవేత్తలు దానికి పి-22 అని పేరు పెట్టారు. పడమర కొండల నుంచి 405, 101 అనే రెండు పెద్ద ఫ్రీవేలు దాటి వచ్చిందని వాళ్ళ అంచనా. 2012లో పార్కులో పెట్టిన కెమెరాకి చిక్కింది. ఆ తర్వాత పదేళ్ళు చుట్టూ నగరం ఉన్న ఈ కాస్త అడవిలోనే ఒంటరిగా గడిపింది, జత దొరకలేదు. 2016లో కొత్త జూలో ఒక కోలా (చెట్ల మీద ఉండే ఆస్ట్రేలియా జంతువు) చనిపోతే అనుమానం దీని మీదకే వచ్చింది. అయినా ఊరి జనం దాని మీద పగబట్టలేదు, ఇంకా ముద్దు చేశారు. 2022 డిసెంబరులో, కారు గుద్దిన దెబ్బలూ పాత జబ్బులూ కలిసి కోలుకునే ఆశ లేదని తేలాక, పశువైద్యులు దానికి మత్తిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చారు. ఇలాంటి జంతువులు రోడ్డు దాటడానికే అగౌరా హిల్స్ అనే ఊరి దగ్గర 101 ఫ్రీవే మీద వంతెన కట్టడం అదే ఏడాది మొదలైంది. మా అబ్బాయికి ఈ కథ ఆ గుహలో కూర్చోబెట్టే చెప్పాను. వాడు రెండు విషయాలూ కలిపి చూసుకున్నాడు, నేను విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇక నడక సంగతి. క్రిస్టల్ స్ప్రింగ్స్ డ్రైవ్ మీద వచ్చి రంగులరాట్నం బోర్డు దగ్గర లోపలికి తిరగండి. పార్కింగ్‌కీ ప్రవేశానికీ డబ్బు కట్టక్కర్లేదు. అక్కడి నుంచి పచ్చిక దాకా కొద్దిపాటి ఎత్తు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా మెల్లగా వెళ్ళగలరు. మెట్లూ చిన్న బోన్లూ మాత్రం వాళ్ళకి వద్దు. మీలో ఒకరు పాపని తీసుకెళ్ళి రండి, ఇంకొకరు అమ్మగారితో కింద ఉండండి. బీ రాక్ అనే పెద్ద బండ మీదకి కాలిబాట ఇక్కడి నుంచే మొదలవుతుంది, అది నిటారుగా ఉంటుంది, పెద్దవాళ్ళతో ఆ జోలికి పోకండి. ఎండాకాలం పదింటికే మాడు పగిలిపోతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. నీళ్ళు, టోపీలు మర్చిపోవద్దు. పొదల్లో చేతులు పెట్టొద్దని పాపకి గట్టిగా చెప్పండి, కొండల్లో గిలక పాములు (రాటిల్ స్నేక్‌లు, విషపువి) ఉన్నాయి. పొయ్యి వెలిగించే ఆలోచన ఉంటే మానుకోండి. 2007లో మంటలు లేచి ఈ పార్కులో 800 ఎకరాలకు పైగా కాలిపోయాయి, ఇప్పటికీ ఎండిన కొండని చూస్తే నాకు భయమే. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ ఇంటి నుంచే సర్దుకుని వెళ్ళండి.

శని, ఆదివారాల్లో పుట్టినరోజు పార్టీలతో బల్లలన్నీ నిండిపోతాయి. వారం మధ్యలో వెళ్తే గుహలో చోటు దొరుకుతుంది, కాసేపు ప్రశాంతంగా కూర్చోవచ్చు. మీరు వేసవిలో వస్తున్నారు గనక ఇంకో మాట: సాయంత్రాలు ఈ పచ్చిక మీద షేక్స్పియర్ నాటకాలు ఉచితంగా వేస్తారు. చాపా దుప్పటీ తీసుకెళ్ళి కింద కూర్చుని చూడడమే. మాట పూర్తిగా అర్థం కాకపోయినా మా అత్తయ్యగారికి నచ్చింది, పౌరాణిక నాటకాలు చూసి పెరిగిన మనిషి కదా, నటుడి గొంతును బట్టే కథ పట్టేసుకున్నారు.

ఒకే రోజు రెండు జూలూ చూసేయొచ్చా అని కూడా అడిగారు. దూరం తక్కువే, కానీ పెద్దవాళ్ళు అలిసిపోతారు. వేరే రోజు పెట్టుకోండి, పాతదే ముందు చూపించండి. ఆ ఇరుకు చూసి వెళ్ళాక, కొత్త జూలో జంతువు ఎదురుగా నిలబడినప్పుడు పాప దానికి ఎంత చోటు ఇచ్చారో కూడా చూస్తుంది. మా అబ్బాయి ఇప్పుడు ఏ జూకి వెళ్ళినా మొదట చూసేది అదే.