జాతిని బట్టి క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: ఒక్కో జాతివారిలో ఒక్కో రకం క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తుందని చదివాను. అది పుట్టుకతోనే నిర్ణయమైతే ఆహార నియమాలు పాటించి ప్రయోజనం ఏమిటి?

జవాబు: తేడాలున్న మాట నిజమే కానీ, వాటిలో అధికభాగం పుట్టుకతో నిర్ణయమైనవి కావు. జపాను నుంచి అమెరికాకు వలస వెళ్లినవారిపై 1968లో వెలువడిన అధ్యయనం ఇందుకు మంచి ఆధారం. జపానులో జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువ, పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా ఉన్న కాలమది. వలస వెళ్లిన తరంలోనే పెద్దపేగు క్యాన్సర్ పెరిగింది. జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు మాత్రం వారిని చాలావరకు వదలలేదు, అక్కడ పుట్టిన పిల్లల్లోనే బాగా తగ్గింది. ఉప్పులో నిల్వచేసిన ఆహారం, చిన్నతనంలోనే సోకే హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా జీర్ణాశయ క్యాన్సర్‌కు ముఖ్య కారణాలు కనుక, బాల్యం గడిచిన చోటు అంతగా లెక్కకు వచ్చిందని భావించవచ్చు.

2015లో వెలువడిన మరో పరిశోధనలో, పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా కనిపించే ఆఫ్రికన్ అమెరికన్లకు పీచు అధికంగా, కొవ్వు తక్కువగా ఉండే ఆహారాన్ని, అది అరుదుగా వచ్చే దక్షిణాఫ్రికా గ్రామీణులకు కొవ్వు, మాంసం అధికంగా ఉండే ఆహారాన్ని రెండు వారాలపాటు ఇచ్చారు. మొదటివారి పేగు లోపలి పొరలో వాపు తగ్గగా, రెండోవారిలో పెరిగింది. రెండు వారాల్లో క్యాన్సర్ రావడమో పోవడమో జరగదు. కానీ ఇరువర్గాల మూలాలూ ఆఫ్రికాలోనే ఉన్నా, పేగు తిండికి ఇంత త్వరగా స్పందించడం నాకు చాలా ఆశ కలిగించే విషయం.

జన్యువుల పాత్ర లేదని దీని అర్థం కాదు. అష్కెనాజీ యూదుల్లో, అంటే మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల్లో, సుమారు 40 మందిలో ఒకరికి రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉంటుంది. తూర్పు ఆసియావారిలో మూడో వంతుకు పైగా జనంలో, మద్యం నుంచి తయారయ్యే ఎసిటాల్డిహైడ్ అనే విషాన్ని విడగొట్టే ఎంజైము సరిగా పనిచేయదు. అటువంటివారికి కొద్దిగా తాగినా ముఖం ఎర్రబడుతుంది, తాగడం అలవాటైతే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. లోపం పుట్టుకతో వచ్చినదే అయినా, దాన్ని ప్రమాదంగా మార్చేది మద్యమే.

కాబట్టి మీ జాతి ఏదైనా పొగాకును పూర్తిగా మానండి. మద్యాన్ని, సాసేజ్ వంటి నిల్వ మాంసాలను వీలైనంత తగ్గించి, బరువును అదుపులో ఉంచుకోండి. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా చిన్న వయసులో క్యాన్సర్ వచ్చి ఉంటే, ఏ వయసులో, ఏ అవయవానికి వచ్చిందో రాసుకొని వైద్యుణ్ణి కలవండి. పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ వివరాలను బట్టే ఆయన చెప్పగలుగుతారు.